డాక్‌బుక్ బిల్డ్‌కు పచ్చ టిక్కు పడితే చాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అనంతపురం, కర్నూలు, కడపల్లో ఇంటి నుంచే డాక్‌బుక్‌లో (మాన్యువళ్లు రాసే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫార్మాట్) డాక్యుమెంటేషన్ పని చేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: "ఫైళ్లన్నీ వాలిడ్ (నియమాల ప్రకారమే ఉన్నాయి), సీఐ (ఫైళ్ల నుంచి మాన్యువల్ తయారుచేసే బిల్డ్‌ను తానే నడిపే సర్వర్) పాసయింది. మరి మాన్యువల్‌లో లింకు ఉండాల్సిన చోట మూడు ప్రశ్నార్థకాలు ఎందుకొచ్చాయి?"

అపోహ: ఒక్కో మాడ్యూలూ (పుస్తకంలోని ఒక భాగం ఉండే ఫైలు) వాలిడ్ అయితే పుస్తకమూ వాలిడే.

వాస్తవం: కాదు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. బోరు మోటారు స్టార్టర్ ప్యానెల్ మాన్యువల్ తీసుకోండి. "కరెంటు జాగ్రత్తలు" మాడ్యూలును బిగింపు అధ్యాయంలోకీ రిపేరు అధ్యాయంలోకీ ఎక్స్‌ఇంక్లూడ్‌తో (ఒక ఫైలును మరో ఫైలులోకి చేర్చే పద్ధతి) తెచ్చారు. విడిగా చూస్తే ఆ ఫైలులో తప్పేమీ లేదు. రెండు చోట్లా చేరేసరికి అందులోని ఐడీ (లింకు గమ్యాన్ని గుర్తించే ప్రత్యేకమైన పేరు) పుస్తకంలో రెండుసార్లు వస్తుంది. అలాగే ఎవరైనా ఒక ఐడీ పేరు మారిస్తే, వేరే ఫైలులో దాన్ని చూపే లింక్‌ఎండ్ (లింకు ఏ ఐడీకి వెళ్లాలో రాసే చోటు) తెగుతుంది. ఈ రెండూ ఫైళ్లు కలిశాకే బయటపడతాయి.

తెగిన ఎక్స్‌రెఫ్ (పుస్తకంలో మరో చోటుకు లింకు) కనిపిస్తే డాక్‌బుక్ స్టైల్‌షీట్ (ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను మాన్యువల్‌గా మార్చే నియమాలు) ఆగదు. ఒక హెచ్చరిక రాసి, ఆ చోట "???" పెట్టి సాగిపోతుంది. ఆ స్టైల్‌షీట్‌ను నడిపే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ సున్నా కోడ్‌తోనే (అంటే తప్పు లేదన్నట్టే) ముగుస్తుంది. సీఐ చూసేది ఆ సున్నానే, లాగ్ చదవదు. చివరికి ప్యానెల్ మూత తీసిన రైతుకు "??? చూడండి" అని కనిపిస్తుంది.

అందుకే ముందు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లింట్ అనే టూల్‌ను ఎక్స్‌ఇంక్లూడ్ ఆప్షన్‌తో నడిపి, పుస్తకమంతా ఒకే ఫైలుగా రాయించండి. దాని మీద డాక్‌బుక్ 5 రిలాక్స్ ఎన్‌జీ స్కీమాతో (ఫైలు ఎలా ఉండాలో చెప్పే నియమాలు) జింగ్ అనే తనిఖీ టూల్ నడపండి. రెండుసార్లు వచ్చిన ఐడీనీ, గమ్యం లేని లింకునూ పట్టుకుని అది ఎర్రర్ కోడ్ ఇస్తుంది. హెచ్‌టీఎంఎల్, పీడీఎఫ్ ఆ తర్వాతే. జింగ్ అవుట్‌పుట్‌ను పైపులో మరో కమాండ్‌కు పంపుతుంటే స్క్రిప్టులో పైప్‌ఫెయిల్ ఆప్షన్ పెట్టండి, లేకుంటే ఆ కోడ్ దారిలోనే పోతుంది. నలుగురూ వాడుకునే మాడ్యూలు లోపల ఐడీ పెట్టొద్దు. ఆ మాడ్యూలును తెచ్చుకునే అధ్యాయంలోని సెక్షన్‌కు పెట్టండి.

అపోహ: నా లాప్‌టాప్‌లో అధ్యాయం వచ్చిందంటే సర్వర్‌లోనూ వస్తుంది.

వాస్తవం: ఫైలు పేర్లలో పెద్దబడి, చిన్నబడి ఇంగ్లీషు అక్షరాల తేడాను విండోస్ మామూలుగా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. పైగా ఎక్స్‌ఇంక్లూడ్‌లో ఖాళీ ఫాల్‌బ్యాక్ (ఫైలు దొరక్కపోతే బదులుగా వాడేది) రాసి ఉంటే, ఫైలు దొరక్కపోయినా ఎర్రర్ రాదు, అధ్యాయం మాయమవుతుంది. ఖాళీ ఫాల్‌బ్యాక్‌లు తీసేయండి. ఫైలు పేరు మార్చాలంటే గిట్‌లోని (ఫైళ్ల మార్పుల చరిత్ర ఉంచే టూల్) గిట్ ఎంవీ కమాండ్ వాడండి.

అపోహ: మేక్ (ఫైళ్ల సమయాలు పోల్చి, మారినవాటినే బిల్డ్ చేసే టూల్) "అప్ టు డేట్" అందంటే మార్పులన్నీ చేరినట్టే.

వాస్తవం: మేక్‌ఫైల్‌లో పుస్తకం ప్రధాన ఫైలు ఒక్కటే డిపెండెన్సీగా ఉంటే, అధ్యాయం మారిన సంగతి మేక్‌కు తెలియదు. వైల్డ్‌కార్డ్‌తో మాడ్యూళ్లన్నీ చేర్చండి. గిట్ ఫైళ్ల పాత సమయాలను దాచదు, చెకౌట్‌లో రాసిన ఫైలుకు అప్పటి సమయమే పడుతుంది. కాబట్టి విడుదల బిల్డ్ ఎప్పుడూ కొత్త క్లోన్ (గిట్ నుంచి తాజాగా తీసుకున్న కాపీ) నుంచే చేయండి.

ఎక్స్‌ఎమ్‌ఎల్ గిట్‌లో మెర్జ్ కాదన్నది (ఇద్దరి మార్పులు ఒకటిగా కలవవన్నది) వట్టి పుకారు. వాక్యానికో లైను రాసి, సేవ్ చేసినప్పుడల్లా ఫైలంతా సర్దే ఫార్మాటర్‌ను ఆపేస్తే చక్కగా అవుతుంది. పీడీఎఫ్‌ను మాత్రం గిట్‌లో కమిట్ చేయొద్దు.

బిల్డ్ ఎర్రబడితే కొత్తవాళ్లు కంగారుపడతారు. అక్కర్లేదు, పాత విడుదల అలాగే భద్రంగా ఉంటుంది. జింగ్ చూపే లైను నంబరు కలిపిన ఫైలుది, మీ మాడ్యూలుది కాదు. ఎర్రర్‌లోని ఐడీని గిట్ గ్రెప్‌తో వెతికితే అసలు ఫైలు దొరుకుతుంది.