మంచుని ఏ పక్కకి తొయ్యాలి?

చిన్నూ, బుజ్జీ,

హిమాచల్ ప్రదేశ్ కొండల్లో ఉండే రోహ్‌తాంగ్‌లో రెండు పక్కలా మంచు గోడలు, మధ్యలో బస్సు పోయే వీడియో చూసి, "తాతా, అదంతా నువ్వే తీశావా?" అని అడిగారు కదా. ఫోన్లో చెప్పబోతే మీ అమ్మ హోంవర్కు అని లాగేసుకుంది. అందుకే ఉత్తరం.

నేనొక్కణ్ణే కాదులే. 1960లో పెట్టిన సరిహద్దు రోడ్ల సంస్థలో, అందరూ బీఆర్‌వో అంటారు, నేను డోజర్, అంటే మంచు తోసే బుల్‌డోజర్, తోలేవాణ్ణి. ఇస్కపల్లి ఉప్పు కయ్యల పక్కన పెరిగినవాణ్ణి. అప్పటిదాకా నేను చూసిన మంచంటే చేపల పెట్టెల్లో కొట్టి పోసే ఐసే.

రోహ్‌తాంగ్ కనుమ 13 వేల అడుగుల ఎత్తు. కార్తీకంలో మూసుకుంటే మళ్ళీ వేసవి వచ్చేదాకా అవతల లాహౌల్ పల్లెలకి దారి ఉండేది కాదు. 2020 అక్టోబర్ 3న 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక ఆ బాధ చాలావరకు పోయింది. మా రోజుల్లో డోజరే దిక్కు.

పొద్దున్నే మొదటి గొడవ డీజిల్‌తో. మన కొబ్బరినూనె చలికాలం సీసాలో పేరుకుంటుంది చూడండి, డీజిల్‌లో ఉండే మైనం కూడా అంతే. కిరోసిన్ కలిపేవాళ్ళం, ఇంజను కింద సెగ పెట్టేవాళ్ళం. అది ప్రమాదమని మాకూ తెలుసు, ఇంకో దారి లేక చేశాం. -33 డిగ్రీల దాకా పేరుకోని డీజిల్ మన దేశంలో బంకుల్లోకి 2019లో గానీ రాలేదు.

రెండోది, రోడ్డు ఎక్కడుంది? ఇరవై అడుగుల మంచు కింద కొండా లోయా ఒకటే తెలుపు. పైనుంచి పొరలు పొరలుగా తీసుకుంటూ దిగేవాళ్ళం. చివరి పొర దగ్గర ఒకడు దిగి పొడుగాటి ఇనుప కడ్డీతో గుచ్చుకుంటూ ముందు నడవాలి. తారుకి తగిలితే చేతికి జిల్లుమనేది. మెత్తగా దిగిపోతే డోజర్ని ఆపెయ్యమని చెయ్యి ఊపేవాడు. అక్కడ రోడ్డు అంచు అయిపోయినట్టే.

ఇప్పుడు నా తెలివితక్కువ పని చెప్తాను. మొదటి ఏడాది లోయ వైపు పోవాలంటే భయమేసి, మంచంతా కొండ వైపు తోసి పెట్టాను. చూడ్డానికి శుభ్రంగా ఉంది. మధ్యాహ్నం ఎండకి ఆ కుప్ప కరిగి నీళ్ళు రోడ్డుకి అడ్డంగా పారాయి, రాత్రికి అద్దంలా గడ్డకట్టాయి. తారు మీద ఆ ఐసు కంటికి కనపడదు. తెల్లారి రేషన్ లారీ దాని మీద అడ్డం తిరిగి, లోయ వైపు నేను తియ్యకుండా వదిలేసిన మంచు గట్టుకి కొట్టుకుని ఆగింది. ఆ గట్టు లేకపోతే లోయలోకే. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. మా ముసలి ఆపరేటర్ ఒకాయన నా పక్కన కూర్చుని, "పొద్దున మంచు అనుకున్నావు. మధ్యాహ్నానికి అది నీళ్ళు అవుతుందని మర్చిపోయావు" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ లోయ వైపే తోశాను, తూము మూతి మీద మాత్రం పారెయ్యకుండా.

ఉప్పు చల్లితే సరిపోదా అని బుజ్జి అడుగుతుంది, నాకు తెలుసు. ఉప్పు నీళ్ళు సున్నా దగ్గర గడ్డకట్టవు, అందుకే మంచు దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. కానీ చలి -9 దాటితే మామూలు ఉప్పు బాగా నెమ్మదిస్తుంది. -21 కింద అసలు పని చెయ్యదు. అప్పుడు ఇసకే, టైరు జారకుండా పట్టు కోసం. కంకర వేసిన పల్లె రోడ్ల మీద ఉప్పు చల్లితే బురదవుతుందని, అక్కడ బ్లేడుని కాస్త పైకెత్తి, పలచగా మంచు వదిలేసి పోతారు. కంకర లేచిపోదు. ఉప్పు కయ్యల పిల్లోణ్ణి కదా, మన సరుక్కి ఇంత తక్కువ విలువా అని అప్పట్లో చిన్నబుచ్చుకున్నాను.

ఇంకోటి, నీళ్ళు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి. తారు పగుళ్ళలో చేరి రోజూ అట్టా ఉబ్బుతుంటే ఏ రోడ్డు నిలుస్తుంది? మంచు తీయడం ఒక ఎత్తు, తర్వాత గుంతలు పూడ్చడం ఇంకో ఎత్తు.

మనకి మంచు లేదు, వాయుగుండాలున్నాయి. 2021 నవంబర్‌లో పెన్న పొంగి కోవూరు దగ్గర హైవేనే కోసుకుపోయింది. అంత వరదకి తూములు శుభ్రం చేస్తే ఆగుతుందని నేను అనను. కానీ మామూలు ముసురుకి కూడా మన చెరువు కట్ట రోడ్డు తెగుతుందంటే తప్పు వానది కాదు. దీపావళికి ముందు నలుగురం కలిసి తూము తీశాం. తుంగ, రెండు యూరియా బస్తాలు, ఒక చెప్పు, ఒక స్కూలు బ్యాగు వచ్చాయి. ఆ బ్యాగు చిన్నూదేనని నా అనుమానం.

గుచ్చడానికి ఆ రోజు నా కడ్డీ కోసం వెతికాను. రిటైరైనప్పుడు అడిగి తెచ్చుకున్నది. అటక మీద లేదు. మీ మామ దాన్ని సగానికి కోయించి, దొడ్లో పాతి, దాంతో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు.

మీ తాత