3,446 అనే అంకె వెనక ఉన్న ముఖాలు

1941 డిసెంబరు 1న కార్ల్ యేగర్ అనే ఎస్.ఎస్. (హిట్లర్ నాజీ పార్టీ సాయుధ దళం) అధికారి లిథువేనియాలోని కౌనాస్ నుంచి తన పైవారికి ఒక నివేదిక పంపాడు. చూడటానికి అది దుకాణం చిట్టాలా ఉంటుంది: తేదీ, ఊరు, యూదు పురుషులు, యూదు స్త్రీలు, యూదు పిల్లలు, చివర మొత్తం. అందులో సెప్టెంబరు 27వ తేదీకి ఎదురుగా ఒక చిన్న ఊరి లెక్క ఉంది. పురుషులు 989, స్త్రీలు 1,636, పిల్లలు 821, మొత్తం 3,446. ఆ వెంటనే మరో ఊరి లెక్క మొదలవుతుంది. యేగర్ దళం అప్పటిదాకా చేసిన హత్యల మొత్తం 1,37,346 అని నివేదిక తేలుస్తుంది. చనిపోయిన యూదుల్లో ఒక్కరి పేరు కూడా అందులో కనిపించదు.

ఆ చిన్న ఊరిని అక్కడి యూదులు తమ యిడ్డిష్ భాషలో ఐషిషోక్ అని పిలుచుకునేవారు. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ పోలండ్‌లో ఉన్న ఆ ఊరు ఇప్పుడు లిథువేనియాలో ఉంది. యేగర్ అంకెగా మార్చిన మనుషుల్లో ఎందరివో ముఖాలు ఇవాళ వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ (నాజీలు యూదులపై జరిపిన సామూహిక సంహారం) స్మారక మ్యూజియంలో మూడంతస్తుల ఎత్తున్న ఒక గోపురం లోపలి గోడలను నింపాయి. అక్కడ సుమారు వేయి ఫోటోలున్నాయి. అన్నీ 1890 నుంచి 1941 వరకు తీసినవే: పెళ్ళి బట్టల్లో దంపతులు, బడిపిల్లల గుంపులు, మంచు మీద జారుతున్న యువకులు, గడ్డం నిమురుకుంటున్న పెద్దవాళ్ళు. సందర్శకులు రెండు అంతస్తుల్లో రెండుసార్లు ఈ గోపురాన్ని దాటి వెళ్ళాలి. తలెత్తితే పైన వెలుతురులో కలిసిపోయే ముఖాలు, వంగి చూస్తే చేయి అందని లోతులో ఉన్న ముఖాలు.

ఊరుమొత్తం తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఇన్ని ఫోటోలు ఎలా మిగిలాయన్నది తేలిగ్గా వదిలేసే ప్రశ్న కాదు. ఐషిషోక్‌లో యిజ్హాక్ యూరి కాట్జ్, ఆల్టె కాట్జ్ అనే దంపతులు ఫోటో స్టూడియో నడిపేవారు. ఆ ప్రాంతం నుంచి అప్పటికే ఎందరో యూదులు అమెరికాకు, పాలస్తీనాకు వలస వెళ్ళి ఉండటం వల్ల, యూదుల కొత్త సంవత్సరమైన రోష్ హషానా దగ్గర పడితే ఊళ్ళో ఉన్నవారు ఫోటోలు తీయించుకుని, వెనక నాలుగు మాటలు రాసి, శుభాకాంక్షలుగా దూరదేశంలోని బంధువులకు పోస్టు చేసేవారు. అలా కవరులో ఊరు దాటిన కాగితం బతికింది, ఇంట్లో పెట్టెలో దాచుకున్న కాగితం చాలావరకు ఇంటితోపాటే పోయింది. ఒక కుటుంబపు ఆస్తిలో అన్నిటికన్నా భద్రంగా ఉన్నది దూరాన ఉన్నవాళ్ళకు ఇచ్చేసినదే కావడం ఈ చరిత్రలో మళ్ళీమళ్ళీ ఎదురయ్యే విచిత్రం.

1941 జూన్‌లో జర్మన్ సైన్యం సోవియట్ యూనియన్ మీద దండెత్తిన మొదటి రోజుల్లోనే ఐషిషోక్ వారి చేతికి చిక్కింది. సెప్టెంబరు 21 సాయంత్రం, అంటే రోష్ హషానా ముందురోజు, ఎస్.ఎస్. దళం, దానితోపాటు లిథువేనియన్ సహాయకులు ఊళ్ళోకి వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళవారితో సహా యూదులందరినీ ప్రార్థనా మందిరాల్లో కుక్కారు. 25న, 26న ముందు పురుషులను, తర్వాత స్త్రీలను, పిల్లలను బృందాలుగా తీసుకెళ్ళి కాల్చి చంపారు. యేగర్ చిట్టాలో 27 అని పడింది గాని, ఊరి జ్ఞాపకంలో నిలిచినవి ఆ రెండు రోజులే.

కాట్జ్ దంపతుల మనుమరాలు యాఫా ఎలియాక్ అప్పటికి చిన్నపిల్ల. ఆమె కుటుంబం తప్పించుకుని దాక్కుంది గాని, 1944లో తల్లి, పసితమ్ముడు హతులయ్యారు. తర్వాత ఆమె అమెరికా చేరి, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కాలేజీలో చరిత్ర బోధించారు. అధ్యక్షుడు కార్టర్ నియమించిన హోలోకాస్ట్ కమిషన్ తరఫున 1979లో తూర్పు ఐరోపా వెళ్ళినప్పుడు, స్మారకమంటే చావును మాత్రమే చూపించడం కాదు, పోయిన జీవితాన్ని నిలబెట్టడం అనే ఆలోచన ఆమెలో గట్టిపడింది. అప్పటి నుంచి ఏళ్ళ తరబడి ఐషిషోక్ వారసులున్న దేశాలన్నీ తిరిగి, ఆల్బమ్‌లు, ట్రంకు పెట్టెలు వెతికించి, సుమారు 6,000 ఫోటోలు పోగుచేశారు. 1993లో మ్యూజియం తెరిచినప్పుడు గోడకెక్కినవి వాటిలోనివే. ఎలియాక్ 2016లో మరణించారు.

ఆమె పని ఎందుకంత అవసరమైందో అర్థం కావాలంటే అప్పటిదాకా లోకానికి తెలిసిన ఫోటోలు ఎవరు తీసినవో చూడాలి. ఘెట్టోల, అంటే యూదులను బంధించి ఉంచిన పేటల బొమ్మల్లో, రైలు దిగుతున్న జనం బొమ్మల్లో ఎక్కువ భాగం హంతకుల పక్షం కెమెరాల నుంచి వచ్చినవే. 1944 మేలో కార్పాథియన్ ప్రాంతం నుంచి ఆష్విట్జ్ అనే నాజీ మరణ శిబిరానికి తరలించిన లిలీ జాకబ్ అనే యువతికి, యుద్ధం ముగిసే రోజుల్లో డోరా అనే మరో నాజీ నిర్బంధ శిబిరంలో ఒక ఆల్బమ్ దొరికింది. ఎస్.ఎస్. వాళ్ళు తీసి అతికించిన ఆ ఆల్బమ్‌లో తమ ఊరి మత గురువు, తన ఇద్దరు చిన్న తమ్ముళ్ళు ఆమెకు కనిపించారు. 1980లో ఆమె దాన్ని జెరూసలేంలోని హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వషెమ్‌కు ఇచ్చారు. సాక్ష్యంగా దాని విలువకు సాటి లేదు. కాని ఆ తమ్ముళ్ళను ఆ ఫోటోలో చూస్తున్న కన్ను వాళ్ళను కాసేపట్లో చంపబోయే వాళ్ళది. స్టూడియోలో తెర ముందు జుట్టు దువ్వుకుని నిలబడిన మనిషి మాత్రం తాను ఎలా కనిపించాలనుకున్నాడో అలాగే కనిపిస్తాడు. ఈ తేడాను తీసిపారేయలేం.

శిబిరాలకు వెళ్ళినవారు అటువంటి ఫోటోలను వెంట తీసుకెళ్ళకపోలేదు. ఆష్విట్జ్‌లో దోచిన సామాను వేరుచేసే గోదాములను ఖైదీలు 'కెనడా' అనేవారు, సంపదకు మారుపేరుగా. అక్కడ బంగారం, బట్టలు, కళ్ళజోళ్ళు వేటికవి వేరుచేసి పంపేవారు, అమ్మకానికి పనికిరాని కుటుంబ ఫోటోలను, కాగితాలను తగలబెట్టేవారు. 1943 వేసవిలో బెంజిన్, సొస్నోవియెట్స్ ఘెట్టోల నుంచి వచ్చినవారివిగా భావించే సుమారు 2,400 ఫోటోలు మాత్రం ఎలాగో ఆ మంటను తప్పించుకున్నాయి. ఇప్పుడు ఆష్విట్జ్‌లో భాగమైన బిర్కెనావ్‌లో, ఖైదీలను నమోదు చేసిన భవనంలోనే వాటిని ప్రదర్శిస్తున్నారు.

కాగితాల కథ ఇంకొంచెం మెలికలు తిరిగినది. 1938 ఆగస్టు నాటి నాజీ ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం, 1939 జనవరి 1 నుంచి జర్మనీలోని యూదుల్లో నిర్ణీత జాబితాకు బయటి పేర్లున్నవారు తమ పేరుకు తోడుగా పురుషులైతే 'ఇజ్రాయెల్' అని, స్త్రీలైతే 'సారా' అని చేర్చుకోవలసి వచ్చింది. 1938 అక్టోబరులో వాళ్ళ పాస్‌పోర్టుల మీద, యూదు అని సూచించే ఎర్రటి 'జె' అక్షరం పడింది. అవమానించడానికి ముద్ర వేసిన ఆ పాస్‌పోర్టే చాలా ఇళ్ళలో, ఫలానా మనిషి ఫలానా చోట పుట్టి ఫలానా రోజు దేశం దాటాడని చెప్పే ఏకైక ఆధారమై మిగిలింది.

తెలిసి తెలిసి కాగితాలు దాచినవారూ ఉన్నారు. వార్సా ఘెట్టోలో చరిత్రకారుడు ఎమాన్యుయేల్ రింగెల్‌బ్లుమ్ 1940 నవంబరులో 'ఒనెగ్ షబ్బత్' అనే రహస్య బృందాన్ని కూడగట్టారు. ఆ మాటకు 'విశ్రాంతి దినపు ఆనందం' అని అర్థం; యూదుల విశ్రాంతి దినమైన శనివారాలు సమావేశమయ్యేవారు కనుక ఆ పేరు. వాళ్ళు డైరీలు, ఉత్తరాలు, పిల్లల వ్యాసాలతోపాటు ట్రామ్ టిక్కెట్లు, రేషన్ కార్డులు, మిఠాయి చుట్టిన కాగితాలు కూడా పోగుచేశారు. ఏది పనికొస్తుందో ముందే నిర్ణయించకపోవడమే ఆ బృందపు గొప్పతనమని నా అభిప్రాయం. 1942 ఆగస్టులో, సామూహిక తరలింపుల నడుమ, నోవోలిప్కి వీధి 68వ నంబరు బడి నేలమాళిగలో ఇజ్రాయెల్ లిక్టెన్‌స్టెయిన్ ఇద్దరు విద్యార్థులతో కలిసి పది రేకు పెట్టెలను పాతిపెట్టాడు. ఆయన భార్య, చిత్రకారిణి గేలా సెక్స్‌టాయిన్ గీసిన బొమ్మలు కూడా వాటిలో చేరాయి. వాళ్ళ కూతురు మార్గలిత్‌కు అప్పటికి రెండేళ్ళైనా నిండలేదు. ముగ్గురిలో ఎవరూ బతకలేదు. రింగెల్‌బ్లుమ్‌ను 1944 మార్చిలో భార్యతో, కొడుకుతో సహా చంపారు.

బృందంలో ప్రాణాలతో మిగిలిన రాహెల్ ఔర్‌బాక్, హెర్ష్ వాస్సెర్ పట్టుబట్టగా, 1946 సెప్టెంబరులో శిథిలాలు తవ్వి ఆ పెట్టెలు తీశారు. మూతలకు అతుకు పెట్టనందువల్ల లోపలికి నీరు చేరి, కొన్ని కాగితాలు ముద్దయ్యాయి, సిరా పారిపోయింది. 1943 ఫిబ్రవరిలో పాతిన రెండు పాల క్యాన్లు 1950 డిసెంబరులో బయటపడ్డాయి, అవి పొడిగానే ఉన్నాయి. రెండు విడతల్లో కలిపి సుమారు 35,000 పుటలు దక్కాయి. పాతిపెట్టారని చెప్పే మూడో భాగం కోసం తర్వాత కూడా వెతికారు గాని, అది దొరకలేదు.