షూ అతికించండి, హార్నెస్ కుట్టకండి

రాక్ క్లైంబింగ్ సామాన్లలో ముందుగా అరిగేది షూ అడుగు, అదీ బొటనవేలి దగ్గర. ఒంటి బరువంతా ఆ కాస్త అంచు మీదే నిలబడుతుంది కదా, కొత్తలో 4 మిల్లీమీటర్లున్న రబ్బరు అక్కడ కాగితంలా పలచబడుతుంది. వేళ్ల చుట్టూ ఉండే రబ్బరు పట్టీకి చిల్లు పడకముందే మేలుకుంటే దీన్ని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. పాత అడుగును వేడిచేసి ఊడదీసి, అతికే ముఖాలు రెండింటినీ శాండ్‌పేపర్‌తో గరుకు చేసి, నియోప్రీన్ జిగురు రెండింటికీ పలచగా పూయాలి. తొందరంతా ఇక్కడే వస్తుంది. తడిగా ఉండగానే అతికించేస్తే జిగురులోని ద్రావణి లోపలే చిక్కుకుపోయి పట్టు నిలవదు. వేలికి అంటనంతగా ఆరాక, కాస్త వేడి చూపించి గట్టిగా అదమాలి. అప్పుడు రెండు పొరల్లోని పొడవాటి అణువుల గొలుసులు ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయి పెనవేసుకుంటాయి. జిగురు ఆవిరి తల తిప్పుతుంది, మంట కూడా అంటుకుంటుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చోండి.

తాడు తగిలించే లోహపు కొక్కెం, అంటే కారబైనర్, తెరుచుకునే గేటు పట్టేస్తే గోరువెచ్చటి సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు. తాడు రాపిడికి గాడిపడి అంచు పదునెక్కిందా, ఆకురాయి వెతక్కండి, పారేయండి.

నడుముకూ తొడలకూ కట్టుకునే హార్నెస్, బరువు మోసే పట్టీ చుట్టు అయిన స్లింగ్‌ల సంగతి వేరు. తెగితే మనిషి కిందపడే దేన్నీ ఇంట్లో కుట్టకూడదన్నది నా పట్టుదల. కుట్టిన స్లింగ్ కనీసం 22 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 2,200 కిలోల బరువు లాగే బలం తట్టుకోవాలి. మన సూదీదారం కుట్టు ఎంత ఆపుతుందో తెలియాలంటే తెగేదాకా లాగి చూడాల్సిందే! పైగా ఈ పట్టీల్లోని నైలాన్ బలం కంటికి కనపడదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని అణువులను తెంపుతాయి. బ్యాటరీ యాసిడ్ తగిలితే పైకి మచ్చ కూడా లేకుండానే సత్తువ పోవచ్చు. అమెరికన్ క్లైంబర్ టాడ్ స్కిన్నర్ 2006 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలోని యోసెమిటీలో తాడు మీద దిగుతుండగా, హార్నెస్ ముందుండే, బరువంతా మోసే పట్టీ ఉంగరం (బిలే లూప్) తెగి చనిపోయాడు. అది అరిగిందని అంతకుముందే గమనించారు, కొత్త హార్నెస్ ఆర్డర్ కూడా పెట్టాడు.

తాడు మాత్రం మధ్యస్థం. ముడివేసే కొస దగ్గర పైతొడుగు నూగులేచి, లోపలి పోగులు ఇంకా బయటపడకపోతే ఆ ముక్క కోసేయొచ్చు. కోసేచోట టేపు చుట్టి, పదునైన కత్తితో కోసి, కొసను మంటకు చూపిస్తే నైలాన్ కరిగి మూసుకుపోతుంది. ఒకవైపే కోస్తే తాడు నడిమి గుర్తు తప్పవుతుంది, పొడవూ తగ్గుతుంది. పాత లెక్కతో దింపితే కొస, తాడును పట్టి ఆపే బిలే పరికరంలోంచి జారిపోతుంది. అందుకే కొత్త పొడవు కొలిచి తాడు సంచి మీద రాసుకోండి, రెండో కొసకు ముడి వేయకుండా ఎవరినీ దింపకండి.