మాత్రలో మందు పోను మిగతాదంతా సుద్దపొడేనా?

నేను నెల్లూరులో ఫార్మసీ పిల్లలకు పాఠాలు చెబుతాను. అంతకుముందు కొన్నేళ్లు మాత్రలు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేశాను. ఆ సంగతి తెలిసిన మా పిన్ని ఎప్పుడు కలిసినా బీపీ మాత్రల స్ట్రిప్పు చూపించి ఇదే అడుగుతుంది: "ఏంది అబ్బయ్యా, దీంట్లో మందు 5 మిల్లీగ్రాములేనంట. మిగతాదంతా సుద్దపొడేనా?"

అపోహ: మందు కానిదంతా ఉత్త పొడి, దాంతో లాభమూ లేదు నష్టమూ లేదు.

5 మిల్లీగ్రాములంటే చేతికి కూడా దొరకదు. దానికి మాత్ర రూపం రావాలంటే లాక్టోజ్, సెల్యులోజ్, స్టార్చ్ లాంటివి కలపాలి. మెషీన్ అచ్చుకు అంటుకోకుండా కాస్త మెగ్నీషియం స్టియరేట్ వేయాలి. వీటిని ఎక్సిపియెంట్లు అంటాం. ఇవి జబ్బు తగ్గించవు, నిజమే. అంతమాత్రాన మందు జోలికి పోవని కాదు. పిన్ని వాడే ఆమ్లోడిపిన్‌లో అమైన్ అనే భాగం ఉంది. లాక్టోజ్ అంటే పాలలో ఉండే చక్కెర. వేడి, తేమ తోడైతే ఈ రెండూ కలిసి గోధుమరంగుకు తిరుగుతాయి. కోవా కోసం పాలు మరిగిస్తుంటే రంగు తిరుగుతుంది చూడండి, అదీ ఇదే మెయిలార్డ్ చర్య. కోవాకు అది రుచి. మాత్రలో మాత్రం మందు తరిగిపోతుంది, అక్కర్లేని కొత్త పదార్థాలు పుడతాయి.

అందుకే ఫార్ములా ఖాయం చేసేముందే మందునూ ఒక్కో పొడినీ చిన్న సీసాల్లో కలిపి 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో కొన్ని వారాలు ఉంచుతాం. కొన్ని సీసాల్లో కావాలనే నీటిచుక్కలు వేస్తాం. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో ఇక్కడా అదే. పొడిగా ఉన్నన్నాళ్లు కుదురుగా ఉన్న జంట తడి తగలగానే తగాదాకు దిగుతుంది. మొదట్లో ఒకసారి నేను నీళ్లు వేయని సీసాలే చూసి "అంతా బాగుంది" అని రాసేశాను. మూడు నెలల తర్వాత మాత్రల మీద మచ్చలు తేలాయి. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

అపోహ: రంగు మారకపోతే పాడవనట్టే.

ఆస్పిరిన్ తెల్లగా ఉంటూనే చెడుతుంది. తేమకు విడిపోయి సాలిసిలిక్ ఆమ్లం, అసిటిక్ ఆమ్లం (వెనిగర్‌లో ఉండేది ఇదే) అవుతుంది. మెగ్నీషియం స్టియరేట్ ఆ పనిని ఇంకా తొందరపెడుతుంది. కంటికి ఆనని ఈ సంగతి, మాత్రలోని పదార్థాలను విడదీసి ఏది ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీనే పట్టుకోవాలి.

మా పిల్లల్లో ఇంకో అపోహ ఉంది. మందును మెల్లగా వేడిచేస్తూ అది ఎక్కడ కరుగుతుందో చూపే డీఎస్‌సీ పరీక్ష గ్రాఫులో, మందు కరిగే పీక్ (శిఖరంలా లేచే గీత) మాయమైతే ఆ మందు-పొడి జంట పనికిరాదని కొట్టేస్తారు. కానీ పాలీఇథిలీన్ గ్లైకాల్ లాంటి ఎక్సిపియెంట్లు 60 డిగ్రీల దగ్గరే కరిగి మందును తమలో కలిపేసుకుంటాయి. పీక్ పోయిందంటే మందు అలా వాటిలో కలిసిపోయి ఉండొచ్చు, చెడిపోయి ఉండాలనేం లేదు. సీసా పరీక్ష కూడా చేశాకే తీర్పు చెప్పాలి.

అపోహ: రసాయనికంగా పడితే చాలు, ఏ పొడి వాడినా ఒకటే.

1968 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ క్యాప్సూళ్లలో కాల్షియం సల్ఫేట్ తీసి లాక్టోజ్ వేశారు. మందు మోతాదు మార్చలేదు. కానీ ఒంటికి పట్టేది పెరిగి రోగుల్లో విషలక్షణాలు కనిపించాయి. దీన్ని మించిన పాఠం నా దగ్గర లేదు. జెనరిక్ మందుల మీద అనుమానం పెంచడానికి చెప్పడం లేదు. పొడి మారినప్పుడు రక్తంలో మందు అంతే చేరుతోందా అని పరీక్షించేది ఇందుకే.

ఇక పిన్ని సంగతి. వారానికి సరిపడా మాత్రలన్నీ స్ట్రిప్పుల్లోంచి తీసి ఒకే స్టీలు డబ్బాలో పోసి, పొయ్యి పక్క అలమరలో పెడుతుంది. రోహిణి కార్తెలో మన ఒంగోలు, నెల్లూరు వంటిళ్లు ఎట్లా ఉంటాయో చెప్పక్కర్లేదు. మేం ల్యాబ్‌లో డబ్బు పోసి చేసే పరీక్షను ఆమె ఇంట్లో ఉచితంగా చేస్తోంది! మొన్న ఆ డబ్బా మూత తీస్తే గుప్పున వెనిగర్ వాసన. ఆస్పిరిన్ మాత్రలన్నీ పారేయించి, కొత్త స్ట్రిప్పును కత్తిరించకుండా పడకగది బీరువాలో పెట్టించాను.