బల్బుకూ కొవ్వొత్తికీ మధ్య బాష్లార్

1949లో ప్యారిస్‌లో అచ్చయిన ఒక సైన్సు తత్త్వశాస్త్ర గ్రంథంలో మామూలు కరెంటు బల్బు గురించి ఒక చర్చ ఉంది. వెలుగు కావాలంటే మనిషి వేల ఏళ్లపాటు ఏదో ఒకటి కాల్చాల్సిందే. కట్టె, నూనె, మైనం, కిరసనాయిలు, గ్యాసు, ఏదైనా సరే. ఎడిసన్ బల్బు దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క పూర్తిగా తిరగబడింది. అందులో గాజుబుడ్డి ఉన్నది లోపలి తీగకు గాలి తగిలి కాలిపోకుండా కాపాడటానికే. పాత దీపానికి కాల్చడమే పని, కొత్త దీపానికి కాలనివ్వకపోవడమే పని. రెండూ వెలుగిస్తాయి కాబట్టి రెంటినీ దీపాలే అంటాం. కానీ రెండో దాని వెనక ఉన్న ఆలోచన మొదటి దానిలోంచి మెల్లగా పెరిగి వచ్చింది కాదు. దాంతో తెగతెంపులు చేసుకుని వచ్చింది.

పన్నెండేళ్ల తర్వాత, 1961లో, అదే రచయిత ఒక చిన్న పుస్తకం రాశాడు. అది మొదలు నుంచి చివరిదాకా కొవ్వొత్తి మంట గురించే. బల్బు అందులోనూ వస్తుంది, కానీ ఈసారి గొంతు వేరు. స్విచ్ నొక్కడం తప్ప మనం చేసేదేమీ మిగల్లేదని, ‘దీపం వెలిగించాను’ అనే వాక్యంలో కర్తగా నిలబడే గర్వం మనకు పోయిందని ఆయన బాధపడతాడు.

ఆయన ఫ్రెంచి తత్త్వవేత్త గాస్తోన్ బాష్లార్. ఒకే వస్తువును మెచ్చుకున్నదీ ఆయనే, దాని ముందు వెలితి పడ్డదీ ఆయనే. చాలామంది ఈ రెంటిలో ఒకదాన్నే చదివి ఊరుకుంటారు. దానికి ఒక చరిత్ర ఉంది.

మనలో ఎక్కువమందికి ఆయన ఇంగ్లీషు ద్వారానే తెలుసు. ఇల్లు, అటక, నేలమాళిగ, బీరువా, పక్షిగూడు, నత్తగుల్ల గురించి ఆయన రాసిన ‘స్థలపు కవిత’ ఫ్రెంచిలో 1957లో వస్తే, 1964కల్లా ఇంగ్లీషులోకి వెళ్లింది. నిప్పు మీద పుస్తకమూ అదే ఏడాది వెళ్లింది. సైన్సు గురించి 1934లో రాసిన ‘కొత్త వైజ్ఞానిక దృష్టి’ మాత్రం యాభై ఏళ్లు ఆగి 1984లో ఇంగ్లీషు పాఠకుడికి అందింది. 1938 నాటి అసలైన గ్రంథం ‘వైజ్ఞానిక బుద్ధి నిర్మాణం’ 2002 దాకా రానేలేదు. దాంతో ఇంగ్లీషు చదివేవాళ్లకు ఆయన ఇళ్ల గురించి అందంగా రాసిన పెద్దమనిషిగా మిగిలాడు. ఆర్కిటెక్చర్ చదివేవాళ్ల చేతుల్లో ఆ పుస్తకం ఇప్పటికీ కనిపిస్తుంది. నేనూ అటునుంచే వచ్చాను. ఆయన భౌతిక రసాయన శాస్త్రాల మాస్టారని చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక ఆ ఇళ్ల పుస్తకాన్నే మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది.

ఆయన 1884 జూన్ 27న షాంపేన్ ప్రాంతంలోని బార్-స్యూర్-ఓబ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. వాగులూ లోయలూ నిండిన నేల అది. ముప్పై ఏళ్లు దగ్గరపడే దాకా తాను సముద్రమే చూడలేదని తర్వాత రాసుకున్నాడు. చదువు అవగానే తపాలాశాఖలో చేరాడు. ప్యారిస్‌లో ఉద్యోగం చేసుకుంటూనే 1912లో గణితంలో పట్టా తెచ్చుకున్నాడు. టెలిగ్రాఫ్ ఇంజనీరు కావాలన్నది అప్పటి కోరిక. 1914 జులైలో పెళ్లయింది. నెల తిరక్కముందే యుద్ధం వచ్చి పడింది. మూడేళ్లకు పైగా కందకాల్లో గడిపాడు. 1919లో తిరిగొచ్చి సొంత ఊరి కాలేజీలోనే ఫిజిక్సు, కెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ అక్టోబరులో కూతురు సుజాన్ పుట్టింది. మరుసటి ఏడాదే భార్య చనిపోయింది. పసిబిడ్డను పెంచుకుంటూ, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ తత్త్వశాస్త్రం చదివాడు. 1927లో ప్యారిస్‌లోని సోర్బోన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పుచ్చుకునేనాటికి ఆయనకు నలభై దాటాయి.

ఆ తరగతి గదిని దాటి ముందుకు పోకూడదు. ఎందుకంటే ఆయన సిద్ధాంతమంతా అక్కడే పుట్టిందని నా నమ్మకం. నీళ్లలో తేలే చెక్క సంగతి చూడండి. చెక్కను చేత్తో నీళ్లలోకి నొక్కితే ఎదురు తిరుగుతుంది. ఆ ఎదురుదెబ్బ ఎవరిది అని అడిగితే పిల్లవాడు చెక్కదే అంటాడు. నీళ్లదని చచ్చినా అనడు. తేలడమంటే వాడి దృష్టిలో చెక్క ఈదడం లాంటిది. ఈ నమ్మకాన్ని కదిలించకుండా బోర్డు మీద ఆర్కిమిడీస్ సూత్రం రాస్తే, వాడు సూత్రాన్ని బట్టీ పడతాడు కానీ చెక్క ఈదుతూనే ఉంటుంది. పిల్లలు ఖాళీ బుర్రలతో క్లాసుకు రారని, లోపల అప్పటికే పాతుకుపోయినదాన్ని కూల్చకుండా కొత్తది కట్టలేమని బాష్లార్ వాదన. పిల్లవాడికి ఎందుకు అర్థం కాలేదో సైన్సు మాస్టార్లకు అర్థం కాదని ఆయన ‘వైజ్ఞానిక బుద్ధి నిర్మాణం’లో కాస్త కోపంగానే రాశాడు. ట్యూషన్ల మీద ట్యూషన్లు పెట్టించే మన ఇళ్లలోనూ ఆ పేజీ చదవదగ్గదే.

పిల్లలే కాదు, పండితులూ అంతే. 18వ శతాబ్దపు శాస్త్రగ్రంథాలను ఆయన వందలకొద్దీ తిరగేశాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త రెయోమ్యూర్ గాలిని స్పాంజితో పోల్చి, నొక్కితే కుదించుకుపోయే దాని గుణమంతా తేలిపోయినట్టు భావించాడు. అమెరికన్ శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు విద్యుత్తు విషయంలోనూ అదే స్పాంజి అక్కరకొచ్చింది. తవ్వేసిన గనిని కొన్నాళ్లు మూసి ఉంచితే లోహం మళ్లీ పెరుగుతుందని నమ్మినవాళ్లున్నారు. వీటిని ఆయన ‘జ్ఞానానికి అడ్డంకులు’ అన్నాడు. మనకు బాగా నచ్చిన పోలిక, రోజూ చేతిలో మెదిలే వస్తువు, ఇష్టంగా పట్టుకున్న మాట, ఇవే మన చూపుకు అడ్డం పడతాయి. అప్పటికి ఐన్‌స్టీన్ సాపేక్షత, క్వాంటం భౌతికశాస్త్రం వచ్చి పాత ఊహలను పెకలించి ఉన్నాయి. సైన్సు ఒక్కో ఇటుకా పేర్చుకుంటూ పోయేది కాదని, తన నిన్నటి తప్పులను తానే కాదంటూ నడుస్తుందని చెప్పడానికి ఆయనకు కళ్లముందే రుజువులు దొరికాయి.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1938లో ఈ అడ్డంకుల గ్రంథంతో పాటే మరో పుస్తకం వచ్చింది, ‘నిప్పుకు మనోవిశ్లేషణ’. మనోవిశ్లేషణ అంటే మనసు అడుగున దాగిన కోరికలనూ భయాలనూ తవ్వి చూడటం. నిప్పు గురించి మనిషి పోగేసుకున్న భ్రమలన్నిటినీ కడిగి పారేయాలన్నదే దీని ఉద్దేశం కూడా. ఇప్పటి కెమిస్ట్రీ పుస్తకాల్లో నిప్పుకు అధ్యాయమే లేదని మొదట్లోనే గుర్తుచేస్తాడు. అయినా ఈ ఒక్క విషయంలో మనందరి బుర్రలూ ఎందుకు పాతగానే ఉండిపోయాయన్నది ఆయన ప్రశ్న. పిల్లవాడి వేలు కాలకముందే వేళ్ల మీద దెబ్బ పడుతుంది. అంటే నిప్పు మనకు మొదట పరిచయమయ్యేది వేడిగా కాదు, పెద్దల ఆంక్షగా. అందుకే అగ్గిపెట్టె దొంగిలించి ఊరిబయట పొలాల్లోకి పోయే పిల్లాడిలో ఆయనకు, గ్రీకు పురాణంలో దేవతల దగ్గర నిప్పు దొంగిలించిన ప్రొమీథియస్ కనిపించాడు.

అయితే చెత్త ఊడుద్దామని చీపురు పట్టుకున్న మనిషి మధ్యలో ఆగిపోయాడు. చలికాలపు పండగ రాత్రులు గుర్తొచ్చాయి. వాళ్ల నాన్న వెడల్పాటి పళ్లెంలో సొంత ద్రాక్షతోట సారా పోసి, మధ్యలో పెద్ద పెద్ద చక్కెర గడ్డలు పెట్టేవాడు. చక్కెర కొనకు అగ్గిపుల్ల తగలగానే నీలిమంట సన్నటి చప్పుడుతో కిందికి దిగి సారా మీద పాకేది. అమ్మ వేలాడే దీపం ఆర్పేసేది. ఆ నీలి వెలుగును పేజీ మీద పెట్టాక దాన్ని ‘అడ్డంకి’ అని కొట్టేయడం ఆయన వల్ల కాలేదు. పొద్దున్నే పొయ్యి రాజేసుకోవడం మానేకంటే తత్త్వశాస్త్రం పాఠం ఒకటి మానేయడమే నయమని అదే పుస్తకంలో ఒప్పుకున్నాడు. ల్యాబులో దారికి అడ్డమొచ్చే ఊహే కవిత్వంలో ఆస్తి అని ఆయనకు తట్టింది ఇక్కడే. సైన్సు, కవిత్వం మొదట ఎదురెదురు దిక్కులకే పోతాయని, ఒకదానికొకటి పూరకంగా వాటిని నిలబెట్టడమే తత్త్వశాస్త్రం చేయగలిగిందని ఆ పుస్తకం ముందుమాటలో రాశాడు. రెంటినీ కలిపి గంజి కాయమని ఆయన ఎన్నడూ అనలేదు. మన దగ్గర పురాణాల్లో విమానాలు, అణువులు వెతికేవాళ్లు ఈ సంగతి పట్టించుకుంటే ఎంత బాగుండునో.

ఆ తర్వాత వరసగా నీరు (1942), గాలి (1943), నేల (1948లో రెండు సంపుటాలు) వచ్చాయి. పంచభూతాలు వింటూ పెరిగిన మనకు ఈ వరస కొత్తగా అనిపించదు. కాకపోతే ఆయనవి గ్రీకుల నాలుగు భూతాలే. అప్పటికి 1940 నుంచి సోర్బోన్‌లో విజ్ఞానశాస్త్ర చరిత్ర, తత్త్వం చెప్పే ఆచార్యుడు. ఒకవైపు భౌతిక, రసాయన శాస్త్రాల మీద గట్టి గ్రంథాలు, మరోవైపు ఈ స్వప్నాల పుస్తకాలు.

పుస్తకాల్లో కనిపించే మనోవిశ్లేషణ పేర్లు, ఫలానా కాంప్లెక్స్, ఫలానా కాంప్లెక్స్ అంటూ తగిలించినవి, కొన్నిచోట్ల బలవంతంగానే అనిపిస్తాయి. ఆయనకూ అలాగే అనిపించినట్టుంది. 1957 నాటి ఇళ్ల పుస్తకంలో పాత పద్ధతి సరిపోలేదని చెప్పి పక్కన పెట్టాడు. కవితాచిత్రానికి కారణాలు తవ్వడం మాని, అది చదివేవాడి లోపల ఎలా మోగుతుందో వినడం మొదలుపెట్టాడు. ప్యారిస్‌లో పక్కింటివాళ్లు గోడకు మేకులు కొడుతుంటే ఆయన టెన్షన్ పడలేదు, పోట్లాటకూ పోలేదు. అది తన చెట్టు మీద పనిచేసుకుంటున్న వడ్రంగిపిట్ట అనుకునేవాడట.

సైన్సు పుస్తకాలు మాత్రం ఫ్రాన్సులో ఆయన్ని దాటి చాలా దూరం పోయాయి. సైన్సు చరిత్రకారుడు, తత్త్వవేత్త కాంగియెమ్ ఆయన తర్వాత సోర్బోన్‌లో అదే ఆచార్య పీఠంలో కూర్చున్నాడు. జ్ఞానంలో వచ్చే తెగతెంపుల ఆలోచనను మార్క్సిస్టు తత్త్వవేత్త అల్తుస్సేర్ మార్క్స్‌ను చదవడానికి వాడుకున్నాడు. మరో ఫ్రెంచి తత్త్వవేత్త ఫూకో చరిత్ర రాసిన తీరులోనూ ఆ జాడ ఉంది.

1962 అక్టోబరు 16న ప్యారిస్‌లో బాష్లార్ కన్నుమూశాడు. అప్పటికి ఆయన మళ్లీ నిప్పు గురించే ఇంకో పుస్తకం రాస్తూ ఉన్నాడు. అది పూర్తి కాలేదు. తండ్రి దారిలోనే విజ్ఞానశాస్త్ర తత్త్వం చెప్పే ఆచార్యురాలైన సుజాన్ ఆ కాగితాలను సర్ది 1988లో అచ్చు వేయించింది.