గుంత కొలిచాకే సిమెంటు కొందాం

చిన్నీ, బుజ్జీ,

బెంగళూరు పక్కన హోసకోటె దగ్గర మన సైటుకు కంచె వేస్తున్నామనగానే "ఎన్ని బస్తాల సిమెంటు పడుతుంది తాతయ్యా" అని అడిగారు కదా. అప్పుడు బస్సులో ఉన్నాను, ఒక్క మాట కూడా సరిగా వినపడలేదు, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. పక్కన కాగితం పెట్టుకుని చదవండి.

మనవి 6 అడుగుల రాతి కూసాలు, అంటే కంచె తీగ కట్టే రాతి స్తంభాలు. మూడో వంతు భూమిలో ఉండాలి, అంటే 2 అడుగుల లోతు. గుంత వెడల్పు 1 అడుగు. గుండ్రటి గుంత కాబట్టి స్కూల్లో నేర్చుకున్న సిలిండర్ లెక్కే: 0.5 × 0.5 × 3.14 × 2, వచ్చేది 1.57 ఘనపుటడుగులు. ఇందులో కూసం కూర్చునే చోటు తీసేయాలి, చాలామంది అది మర్చిపోతారు. 4 అంగుళాల చదరపు కూసం 2 అడుగుల లోతుకి 0.22 తీసుకుంటుంది. మిగిలింది 1.35. 12 కూసాలకు 16 చిల్లర, వృథా కలిపి 18 అనుకుందాం.

ఇక్కడే అసలు తిరకాసు. 18 ఘనపుటడుగుల కాంక్రీటు కావాలంటే పొడి సరుకు 28 దాకా తేవాలి! నమ్మకం కుదరకపోతే బకెట్ నిండా జల్లి, అంటే కంకర పోసి, దాని మీద ఇసుక పోసి చూడండి, సందుల్లోకి జారిపోతుందే గానీ బకెట్ పొంగదు. సిమెంటు ఇంకా సన్నం, ఇసుక సందుల్లోకి దూరుతుంది. అందుకే తడి కొలతను 1.54తో గుణిస్తారు. 1:2:4 పాళ్లలో 28ని ఏడు భాగాలు చేస్తే సిమెంటు 4, ఎం శాండ్ (రాళ్లు నలగ్గొట్టి చేసే ఇసుక) 8, జల్లి 16. 50 కిలోల బస్తా దాదాపు 1.25 ఘనపుటడుగులు కాబట్టి 3.2 బస్తాలు వస్తుంది, 4 కొంటాం.

చాలా ఏళ్ల కిందట ఈ లెక్కే వేసి, మూడు బస్తాల పైన ఇంకొంచెం సర్దుకుని పని మొదలుపెట్టించాను. గుంతలు మాత్రం కొలవలేదు. పారతో తవ్వడంతో ఒక్కోటీ 18 అంగుళాలు వెడల్పయింది. చూడ్డానికి అర అడుగే తేడా, కానీ వెడల్పును దానితోనే గుణిస్తాం కదా, గుంతకు 1.35 బదులు 3.3 పట్టింది. ఆరో కూసం సగంలో ఉండగానే బాండ్లి ఖాళీ. పొద్దు గూకింది, షాపులు మూసేశారు, మిగతా కూసాలకు ఎర్రమట్టే దిమ్మిసతో కొట్టించాం. ఆ వానాకాలానికే అవి ఒరిగి తీగ జారిపోయింది. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అందుకని ఈసారి గడ్డపారతో నిటారుగా తవ్విస్తున్నాను. మూలల్లో రెండు వైపుల నుంచీ తీగ లాగుతుంది కాబట్టి ఆ నాలుగు గుంతలూ 15 అంగుళాలు, వాటికి లెక్క మీరే వేసి ఎన్ని బస్తాలు పెరుగుతాయో చెప్పండి. ఆదివారం వచ్చేటప్పుడు మేజా సొరుగులో ఉన్న టేపు మర్చిపోకండి, ఒక్కో గుంతనూ పైనా అడుగునా కొలిచాకే షాపుకు వెళ్దాం.

మీ తాతయ్య