మారథాన్ రోజు అంబులెన్స్‌కి దారేది?

న్యూయార్క్ మారథాన్ 1970లో మొదలైనప్పుడు ఊరికి దాని గొడవే తెలీదు. సెంట్రల్ పార్క్ లోపలే చుట్లు కొట్టడం, బయల్దేరింది 127 మంది, చివరిదాకా వచ్చింది 55 మంది. 1976లో దాన్ని పార్కులోంచి రోడ్ల మీదికి తెచ్చి నగరంలోని ఐదు బరోల (పెద్ద విభాగాల) మీదుగా పరిగెత్తించారు. జనానికి తెగ నచ్చింది. 1981లో లండన్ కూడా మొదలుపెట్టింది, తర్వాత పెద్ద నగరమన్నాక ఒక మారథాన్ ఉండాల్సిందే అన్నట్టు తయారైంది. బోస్టన్‌లో 1897 నుంచే రోడ్డు మీద పరిగెడుతున్నారు గానీ, ఆ మొదటి ఏడు పట్టుమని ఇరవై మంది కూడా లేరు. ఇప్పుడు వేలల్లో వస్తారు కాబట్టి 42 కిలోమీటర్ల పొడవునా గంటల తరబడి రోడ్లు మూసేయాలి.

పరిగెత్తేవాళ్లకి మాత్రం వైద్య ఏర్పాట్లు బాగానే పెరిగాయి. 2013లో బోస్టన్ ఫినిష్ లైన్ దగ్గర బాంబులు పేలినప్పుడు ముగ్గురు చనిపోయారు, 260 మందికి పైగా గాయపడ్డారు, అయినా ప్రాణాలతో ఆసుపత్రికి చేరినవాళ్లంతా బతికారు. మెడికల్ టెంటు, డాక్టర్లు, అంబులెన్సులు అన్నీ పక్కనే ఉండటం అందుకు ఒక పెద్ద కారణం. మరి మూసేసిన రోడ్డుకి అవతల, ఇంట్లో గుండె పట్టుకుని కూలబడ్డ పెద్దాయన సంగతి? ఆ లెక్క చాలా ఏళ్లు ఎవరూ తీయలేదు.

తీసింది హార్వర్డ్ డాక్టర్ అనుపమ్ జెనా. బోస్టన్‌లో వాళ్లావిడ ఒక రేసులో పరిగెడుతుంటే చూద్దామని కారులో బయల్దేరాడట. తను పనిచేసే ఆసుపత్రి దగ్గర కారు పెట్టుకుందామనుకుంటే రోడ్లన్నీ మూసేసి ఉన్నాయి, అక్కడిదాకా వెళ్లే దారే దొరకలేదు. చేసేది లేక ఇంటికొచ్చి ఆ మాట చెప్తే, ‘మరి ఈరోజు ఆసుపత్రికి వెళ్లాల్సిన వాళ్ల పరిస్థితేంటి?’ అని ఆవిడ అడిగింది. అసలు పరిశోధన ఆవిడ ప్రశ్నే అనాలి.

2002 నుంచి 2012 దాకా 11 అమెరికా నగరాల్లో మారథాన్ రోజుల లెక్కలు తీసి, 2017లో ప్రచురించారు. గుండెపోటుతోనో, గుండె ఆగిపోయో చేరిన మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) రోగుల్లో 30 రోజుల్లోపు చనిపోయినవాళ్లు మామూలు రోజుల్లో 24.9 శాతం, మారథాన్ రోజుల్లో 28.2 శాతం. పరిగెత్తి పోయినవాళ్లేమో అనడానికి లేదు, మెడికేర్ అంటే ఎక్కువగా 65 దాటినవాళ్లు. చేరినవాళ్ల సంఖ్య కూడా పెద్దగా పెరగలేదు, రేసు జరగని చుట్టుపక్కల ప్రాంతాల్లో ఈ తేడా కనపడలేదు. ఇక అంబులెన్స్‌కి రోగిని ఎక్కించుకున్న చోటి నుంచి ఆసుపత్రికి పట్టే టైమ్ ఉదయం పూట 13.7 నిమిషాల నుంచి 18.1కి పెరిగింది. రోడ్లు తెరిచాక, సాయంత్రానికి, మళ్లీ మామూలే.

నాకు ఇందులో కొట్టొచ్చినట్టు కనపడింది ఆ టైమ్ ఎక్కడ పోయిందన్నది. మనం ఎప్పుడూ ‘ఫోన్ చేసిన ఎన్ని నిమిషాలకి వచ్చింది’ అనే అడుగుతాం. వచ్చాక, ఎక్కించుకున్నాక, దారిలో పోయే నిమిషాల గురించి ఎవరూ అడగరు.

హైదరాబాద్‌లో 108 సేవ మొదలైంది 2005 ఆగస్టు 15న. మూడు నెలలకి, నవంబర్ 16న, ఉప్పల్ స్టేడియంలో మొదటి అంతర్జాతీయ వన్డే జరిగింది. మ్యాచ్ ఉన్న సాయంత్రం హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా ఎలా ఉంటుందో అటు తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒకసారి నేను ఆ జామ్‌లో ఉండగా వెనక సైరన్ మోగింది. నా ముందు ఆటో అతను బండిని డివైడర్‌కి ఆనించేశాడు, పక్కన ఒకాయన బైకు ఫుట్‌పాత్ ఎక్కించాడు, తీరా ఖాళీ అయిన ఆ కాస్త జాగాలోకి అంబులెన్స్ కంటే ముందు నీలం జెర్సీలు వేసుకున్న కుర్రాళ్లు రెండు బైకుల మీద దూరిపోయారు. వాళ్లకి టాస్ మిస్సవుతుందని టెన్షన్.

అదే దారి పైన 2021 ఫిబ్రవరి 2న మార్పిడి ఆపరేషన్ కోసం ఒక గుండెని నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కి మెట్రో రైల్లో తీసుకెళ్లారు, మధ్యలో ఎక్కడా ఆపకుండా, అరగంటలోపు. ఆ రైలు ‘స్టేడియం’ స్టేషన్ మీదుగానే వెళ్లింది. కింద రోడ్డుకి మాత్రం మ్యాచ్ రోజు వాట్సాప్‌లో వచ్చే ట్రాఫిక్ మెసేజే దిక్కు. ఏ పాస్ ఉంటే ఏ గేటు, కారు ఎక్కడ పార్క్ చేయాలి, బైకులు ఎక్కడ, లారీలు ఎటు మళ్లిస్తారు, అన్నీ రాస్తారు. ఆసుపత్రికి వెళ్లాలంటే ఎటు పోవాలో నాకు వచ్చినవాటిలో ఇంతవరకు చూడలేదు.